పొగనుండి ఆవిరికి

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున బ్రిటనులో ఊపిరితిత్తుల కాన్సరువలన మరణించువారి సంఖ్య ఏటేట పెరుగుచుండెను. మోటారు బండ్ల పొగయో, రోడ్లకు పూయు తారో ఇందుకు కారణమని కొందరు శంకించిరి. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను పరిశోధకులు లండను ఆసుపత్రులలోని రోగుల అలవాట్లను విచారించి, 1950లో ఫలితములను ప్రకటించిరి. ఈ కాన్సరు సోకిన 649 మంది పురుషులలో పొగ త్రాగనివారు ఇద్దరే. ఇతర రోగములతో చేరిన 649 మందిలో అట్టివారు 27 మంది. ఇంతటి భేదము కాకతాళీయమనుటకు గణితశాస్త్ర మొప్పుకొనదు.

అంతటితో వారు తృప్తి చెందలేదు. 1951లో బ్రిటిష్ వైద్యులకే ప్రశ్నపత్రములు పంపగా సుమారు 40,000 మంది బదులిచ్చిరి. వారిలోని పురుషులను అర్ధ శతాబ్దము గమనించిన పిమ్మట, సిగరెట్లు మాననివారు సగటున 10 సంవత్సరములు ముందుగా మరణించుచున్నారని 2004లో తేలెను.

సిగరెట్టులో ఇంత కీడు చేయునది ఏది? దమ్ము లాగునపుడు నిప్పుకొన వేడి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరును. ఆ మంటలో తారు, కర్బన మోనాక్సైడు మొదలగు విషములు పుట్టును. నికోటిను మనిషిని అలవాటునకు బానిసను చేయును. కాని కాన్సరుకు ముఖ్య కారణము మంటలో పుట్టిన విషములే.

మంట లేకుండ నికోటిను నందింపవచ్చునా? 2003లో చైనా దేశీయుడగు హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు బ్యాటరీ సిగరెట్టును రూపొందించెను. నేటి సాధనములలో సన్నని తీగ వేడెక్కి, గ్లిసరిను, నికోటిను మొదలగువాని ద్రవమును తుంపరగా మార్చును. జనులు దీనినే ఆవిరి యందురు. దీని దీర్ఘకాలిక హాని సిగరెట్ల హానిలో 5 శాతమునకు మించకపోవచ్చునని లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో అంచనా వేసెను.

అయితే తక్కువ హాని యన్నంత మాత్రమున హాని లేదని కాదు. ద్రవము మితిమీరి వేడెక్కినచో ఫార్మాల్డిహైడు పుట్టును. ఎదుగుచున్న బాలుర మెదడునకు నికోటిను చెరుపు చేయును. 2019లో అమెరికాలో ఈ సాధనములను వాడిన పలువురి ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతినెను. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించిరి. గంజాయి సారమున కలిపిన విటమిన్-ఇ ఎసిటేటు ఇందుకు ముఖ్య కారణమని పరిశోధకులు గుర్తించిరి. 2019లోనే భారత ప్రభుత్వము ఈ సాధనముల తయారీని, అమ్మకమును నిషేధించెను.

సిగరెట్టు నిజస్వరూపము పూర్తిగా బయటపడుటకు అర్ధ శతాబ్దము పట్టెను. ఆవిరికి ఇంకను రెండు దశాబ్దముల చరిత్రయే కలదు. సిగరెట్లు మానలేనివాడు దీనిని పొగతో పోల్చి చూచుట సమంజసమే. కాని ఏనాడును పొగ త్రాగని విద్యార్థి పోల్చవలసినది పొగతో కాదు, స్వచ్ఛమైన గాలితో.