ఉల్లంఘనం

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ 'నియమావళి ఉల్లంఘన' అన్న మాట పత్రికలలో కనిపిస్తుంది. శిరస్త్రాణం లేకుండా బండి నడిపినా ఉల్లంఘనే. పలమనేరు చెంత మా గంగవరంలో ఒక బడిపిల్లవాడు మునుపు నన్నడిగాడు: "అయ్యవారూ, ఉల్లంఘన అంటే తప్పు చేయడమేనా?" అవునని చెప్పి పంపివేశాను. అది సగం జవాబేనని తరువాత తోచింది. తక్కిన సగం చదువరులకు మనవి చేస్తాను.

'లంఘ్' ధాతువుకు దాటడం, దుముకడం అని అర్థం. హనుమంతుడు చేసింది సముద్రలంఘనం. ఉత్ + లంఘనం అన్నచోట తకారం పరమందున్న లకారంగా మారి 'ఉల్లంఘనం' అయింది. భోజనం మానడం కూడా ఈ ధాతువుకు అర్థమే. మన ఇళ్లలోని 'లంఖణం' అక్కడిదే.

దాటడానికి ఒక హద్దు ఉండాలి గదా! 'మర్యాద' అన్న మాటకు మొదటి అర్థం హద్దు. సముద్రం మీరని ఒడ్డును తెలుగులో 'చెలియలికట్ట' అన్నారు. విశ్వనాథ సత్యనారాయణగారు కట్టుబాటు దాటిన స్త్రీ కథకు ఆ పేరే పెట్టారు.

ఇక చరిత్రకు వద్దాం. 1917 ఏప్రిల్ 18న చంపారన్‌లోని మోతీహారి న్యాయస్థానంలో గాంధీజీ, జిల్లా విడిచి పొమ్మన్న ఉత్తర్వును తాను పాటించలేదని ఒప్పుకొని శిక్షకు సిద్ధపడ్డారు. 1882 నాటి ఉప్పు చట్టాన్ని 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో బహిరంగంగా ధిక్కరించారు. ఆ నెలలోనే మద్రాసు తీరంలో టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగార్లు ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. ఆ ఉద్యమానికి తెలుగులో స్థిరపడిన పేరు 'శాసనోల్లంఘనం'. సముద్రం దాటని చెలియలికట్ట మీదనే నిలబడి మనుషులు శాసనాన్ని దాటారు. అదే ధాతువులోని రెండవ అర్థం, నిరాహారం, గాంధీజీకి మరొక సాధనమైంది.

మా వైపు పొలం గట్టును గెనిమ అంటారు. రాత్రిపూట గెనిమను కొద్దికొద్దిగా చెక్కి పక్కవాడి నేల కలుపుకొనేవాడు ఉన్నాడు. వాడిది ఆక్రమణ. గెనిమ ఎక్కడుందో ఎరిగి, పట్టపగలు పదిమంది చూస్తుండగా దాటి, "దాటినవాణ్ణి నేనే" అని నిలబడేవాడు మరొకడు. 1930లో ఉల్లంఘనం ఈ రెండవవాడి మాట. చెరసాలకు వెళ్లినవారు దానిని గౌరవంగా ధరించారు.

ఇప్పుడు ఒకే మాట రెండింటికీ వాడుతున్నాం. దొరకకుండా తప్పించుకొన్నవాడిదీ ఉల్లంఘనే, శిక్ష కోరి నిలిచినవాడిదీ ఉల్లంఘనే. మాటను వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. అయినా పాఠం చెప్పేవారు రెండు అర్థాలూ చెప్పాలి. లేకుంటే ఉప్పు వండినవారిని, గెనిమ చెక్కినవాడిని పిల్లలు ఒకే గాట కట్టేస్తారు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఎరుగను. వాడికి బాకీపడిన సగం జవాబు ఇది.