చచ్చుబడ్డ పాదం, బొటనవేలి బ్రేక్: మిక్ డూహన్ కథ

ఇవాళ చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఇంట్లో స్కూటీ ఉంటే గుర్తు తెచ్చుకోండి. వెనక బ్రేక్ ఎక్కడుంటుంది? ఎడమ చేతి దగ్గర. మరి బైక్‌లో? కుడి కాలి కింద. ఇప్పుడు మోటోజీపీలో చాలామంది రైడర్లు వెనక బ్రేక్‌ని ఎడమ చేత్తో కూడా వేస్తున్నారు. వందల హార్స్‌పవర్ ఉన్న రేస్ బైక్ మీదకి స్కూటీ పద్ధతి ఎలా వచ్చింది? దాని వెనక ఒక మనిషి కాలు ఉంది. ఆ కాలు దాదాపు తీసేయాల్సి వచ్చింది.

1992కి వెళ్దాం. అప్పట్లో టాప్ క్లాస్ 500 సీసీ. టూ స్ట్రోక్ ఇంజన్, బరువు 130 కిలోల చుట్టూ, పవర్ 160 హార్స్‌పవర్ పైనే. ట్రాక్షన్ కంట్రోల్ లేదు. మలుపు నుంచి బయటికొస్తూ థ్రాటిల్ కొంచెం ఎక్కువ తిప్పితే వెనక టైర్ జారుతుంది. జారుతూ జారుతూ ఒక్కసారిగా పట్టు దొరికితే బైక్ రైడర్‌ని గాల్లోకి విసిరేస్తుంది. దాన్నే హైసైడ్ అంటారు. అప్పటి రైడర్లని అడిగితే కుట్లు చూపించి మరీ చెప్తారు.

ఆ ఏడాది హోండా తన ఎన్ఎస్ఆర్ 500లో ఒక మార్పు చేసింది. అంతకుముందు సిలిండర్లలో పేలుళ్లు క్రాంక్ తిరిగినంతసేపూ సమంగా పరుచుకుని ఉండేవి. కొత్త ఇంజన్‌లో నాలుగు సిలిండర్లూ దాదాపు 70 డిగ్రీల లోపే పేలిపోతాయి. మిగతా చుట్టంతా ఖాళీ. ఆ ఖాళీలో టైర్ మళ్లీ రోడ్డుని పట్టుకుంటుందని ఇంజనీర్ల వివరణ. దీనికి బిగ్ బ్యాంగ్ అని పేరొచ్చింది. కీచుమని అరిచే పాత రకానికి స్క్రీమర్ అని పేరు.

ఇక్కడ నాకు నచ్చిన పాయింట్ చెప్తాను. వాళ్లు గెలిచింది పవర్ పెంచి కాదు. అదే పవర్‌ని రైడర్ చేతికి లొంగేలా ఇచ్చి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు డాష్‌బోర్డ్ మీద అన్నీ గ్రీన్‌గా కనిపించేవి, యూజర్ మాత్రం యాప్ నత్తలా ఉందని తిట్టేవాడు. పీక్ నంబర్ వేరు, వాడేవాడి అనుభవం వేరు. రేస్ డేటా చూసేవాళ్లకీ ఇది బాగా తెలుసు. ముందు చక్రం స్పీడ్, వెనక చక్రం స్పీడ్ రెండు గీతలూ పక్కపక్కన పెడితే, వెనక గీత ఎంత పైకి పోతే టైర్ అంత జారుతోందని అర్థం. ఇంజన్ ఎంత గొప్పదైనా, పవర్ అంతా ఆ తేడాలోకే పోతుంటే బైక్ ముందుకు ఏం పోతుంది?

ఆస్ట్రేలియా కుర్రాడు మిక్ డూహన్ ఈ బైక్ మీద సీజన్‌లో మొదటి నాలుగు రేసులూ గెలిచాడు. మొదటి ఏడు రేసుల్లో ఐదు విజయాలు, రెండు సెకండ్ ప్లేసులు. మొత్తం 130 పాయింట్లు. టైటిల్ దాదాపు చేతికొచ్చేసింది.

అప్పుడే జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అస్సెన్. ప్రాక్టీస్‌లో పడ్డాడు, కుడి కాలు విరిగింది. విరగడం కంటే ఆ తర్వాత వచ్చిన సమస్యలు ఘోరం. రక్తప్రసరణ దెబ్బతింది, కాలు తీసేయాలనే మాట వచ్చింది. రేసర్ల డాక్టర్ క్లాడియో కోస్టా అతన్ని అక్కడి నుంచి ఇటలీ తీసుకెళ్లాడు. ఆరోగ్యంగా ఉన్న ఎడమ కాలి రక్తంతో కుడి కాలిని బతికించాలని రెండు కాళ్లనీ కలిపి కుట్టేశారు. దాదాపు రెండు వారాలు అలాగే ఉన్నాడు. కాలు నిలబడింది.

ప్రమాదమైన ఎనిమిది వారాలకే బ్రెజిల్‌లో బైక్ ఎక్కాడు. 12వ స్థానం, పాయింట్లు సున్నా. ఆఖరి రేస్ సౌతాఫ్రికాలో ఆరో స్థానం, 6 పాయింట్లు. లెక్క వేయండి, మొత్తం 136. యమహా మీద వేన్ రైనీకి 140. నాలుగంటే నాలుగు పాయింట్లతో టైటిల్ పోయింది.

కాలు మిగిలింది కానీ చీలమండ సరిగ్గా కదలదు. అంటే వెనక బ్రేక్ పోయినట్టే. వెనక బ్రేక్ ఉంటే ఎంత, పోతే ఎంత అనుకుంటున్నారా? రేసులో దాని పని బండి ఆపడం ఒక్కటే కాదు. మలుపులో లైన్ బిగించడానికి, బయటికొచ్చేటప్పుడు ముందు చక్రం లేవకుండా, వెనక చక్రం మరీ తిరిగిపోకుండా పట్టడానికి అది కావాలి. పైగా కుడి మలుపులో బైక్ వాలినప్పుడు కుడి పాదానికీ రోడ్డుకీ మధ్య చోటే ఉండదు. బాగున్న కాలికే అది కష్టం.

అందుకే 1993లో ఎడమ హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే చిన్న లీవర్ పెట్టారు. క్లచ్ వేళ్లకి, వెనక బ్రేక్ బొటనవేలికి. ఆ ఏడాది ఒక్క రేసే గెలిచాడు. తర్వాత 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదు టైటిళ్లు. లోపం పూడ్చడానికి పెట్టిన లీవర్ అతనికి బలమైంది. ఎంత వాలినా, ఏ మలుపైనా బ్రేక్ చేతిలోనే ఉంటుంది కదా.

ఇంకో ట్విస్ట్ ఉంది. 1996లో టీమ్‌మేట్ అలెక్స్ క్రివీయే బ్ర్నోలో అతన్ని 0.002 సెకన్ల తేడాతో ఓడించాడు. బిగ్ బ్యాంగ్ తనకే కాదు, వెనక వచ్చేవాళ్లకీ పని సులువు చేస్తోందని డూహన్‌కి అర్థమైంది. 1997లో కావాలనే కష్టమైన స్క్రీమర్‌కి తిరిగి వెళ్లాడు. 15 రేసుల్లో 12 గెలిచాడు! ఐదేళ్ల కిందట తనని కాపాడిన సెటప్‌ని, ఇక అవసరం లేదని పక్కన పెట్టేశాడు.

నాకు ఇందులో అర్థమైంది ఒకటే. అందరికీ బెస్ట్ సెటప్ అంటూ ఏదీ ఉండదు. ఈ రైడర్‌కి, ఈ ఒంటితో, ఈ రోజు ఏది లొంగుతుందో అదే సెటప్. డేటా ఎక్కడ జారుతున్నామో చూపిస్తుంది. ఎందుకు జారుతున్నామో బైక్ మీద కూర్చున్నవాడే చెప్పాలి.

ఈసారి స్కూటీ ఎడమ బ్రేక్ పట్టినప్పుడు డూహన్ గుర్తొస్తే నా పని అయినట్టే. హెల్మెట్ పెట్టుకోండి, మలుపుల్లో ప్రయోగాలు రోడ్డు మీద వద్దు, ట్రాక్ మీదే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.