పన్నెండో మనిషి

ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, ఫుట్‌బాల్ గురించి రాస్తానన్నాను. "మన బడిలో ఫుట్‌బాల్ ఎక్కడిదిరా?" అని పకపకా నవ్వాడు. నిజమే. మనకున్నవి వాలీబాల్, ఖోఖో జట్లు. వాలీబాల్ జట్టులో నేను ఎప్పుడూ ఎక్స్‌ట్రా ఆటగాడినే. డ్రిల్లు మాస్టారు నా చేతికి బంతి ఇచ్చిన రోజులకన్నా నీళ్ల బిందె ఇచ్చిన రోజులే ఎక్కువ. నాతో చదివినవాళ్లకు ఈ సంగతి బాగా గుర్తుండే ఉంటుంది.

నేను రాయబోయేది అమెరికాలో నేను ఎం.ఎస్. చదివిన టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు గురించి. నేను దానికి ముప్పై ఏళ్ల అభిమానిని. ఆ జట్టు కథలో మనలాంటి పూర్వ విద్యార్థులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అందుకే ఈ నాలుగు పేజీలు.

1993లో హ్యూస్టన్‌కు సుమారు వంద మైళ్ల దూరంలోని కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో దిగాను. అక్కడి విద్యార్థులను 'యాగీ'లంటారు. అది 'అగ్రికల్చర్' మాట నుంచి పుట్టిన ముద్దుపేరు. మనవైపు 'యాగీ చేయడం' అంటే ఏమిటో మీకు తెలుసు. మొదటి శనివారం మ్యాచ్‌కి వెళ్లాక ఆ పేరు వాళ్లకు సరిగ్గా సరిపోయిందనిపించింది. వేలమంది విద్యార్థులు ఆట మొదలైన క్షణం నుంచి చివరిదాకా నిలబడే ఉన్నారు. నేను కూర్చోబోతే పక్కవాడు నా భుజం పట్టి లేపాడు. "ఇక్కడ మనం కూర్చోం" అన్నాడు. కాళ్లు లాగుతుంటే మనసులో తిట్టుకుంటూ నిలబడ్డాను.

ఆట కూడా నేననుకున్న ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, ఒకరి మీద ఒకరు పడతారు. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఇంతవరకు తెలిస్తే మిగతా కథకు చాలు.

ఆ నిలబడటం వెనక ఒక కథ ఉంది. ఆ కళాశాల 1876లో మొదలైంది. వ్యవసాయం, యంత్రవిద్య, సైనిక శిక్షణ అక్కడి చదువు. 1894లో ఫుట్‌బాల్ జట్టు పుట్టింది. డి.ఎక్స్. బైబిల్ అనే శిక్షకుడి చేతిలో ఆ జట్టు 1917లోనూ, 1919లోనూ ఒక్క ఆట ఓడిపోలేదు సరికదా, ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. మధ్యలో 1918లో బైబిల్ యుద్ధానికి వెళ్లాడు.

1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీ జట్టుతో ఆట జరిగింది. ఆ జట్టు అంతకు కొన్ని నెలల ముందు హార్వర్డ్‌నే ఓడించి వచ్చింది. మొదటి సగంలోనే ఎ అండ్ ఎం ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికి వచ్చేశారు. బెంచీ ఖాళీ అయిపోతోంది. కింగ్ గిల్ అనే కుర్రాడు అప్పటికి ఫుట్‌బాల్ మానేసి బాస్కెట్‌బాల్ జట్టులో చేరిపోయాడు. ఆ రోజు విలేఖరుల గదిలో కూర్చుని, ఏ ఆటగాడు ఎవరో వాళ్లకు చెబుతున్నాడు. బైబిల్ అతన్ని కిందికి పిలిపించాడు. గిల్ దెబ్బ తగిలిన ఒక ఆటగాడి బట్టలు వేసుకుని వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. ఆట 22–14తో ఎ అండ్ ఎం గెలిచింది. బెంచీ దగ్గర అప్పటికి మిగిలిన ఆటగాడు గిల్ ఒక్కడే. అతను మైదానంలోకి అడుగుపెట్టలేదు, బంతి ముట్టలేదు. పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా నిలబడ్డాడు, అంతే.

ఆ ఆడని ఆటగాడికి అక్కడ విగ్రహం పెట్టారు. 'పన్నెండో మనిషి' అనే పేరు అతనితో మొదలై విద్యార్థులందరికీ వచ్చింది. మేమూ ఇక్కడే ఉన్నాం, పిలిస్తే దిగుతాం అన్నదే ఆ నిలబడటానికి అర్థం. 1983లో జాకీ షెరిల్ అనే శిక్షకుడు దాన్ని నిజం చేసి చూపించాడు. స్కాలర్‌షిప్ లేని మామూలు విద్యార్థులతో కిక్‌ఆఫ్ దళం తయారు చేశాడు. తర్వాత అది ఒక్క ఆటగాడికి తగ్గింది. అతని చొక్కా మీద 12 అంకె ఉంటుంది. ఈ కథ విన్న రోజు నాకు నా నీళ్ల బిందె గుర్తొచ్చింది. పన్నెండేళ్ల వయసులో సిగ్గుపడిన పనికి ఇరవై మూడేళ్లు దాటాక గౌరవం దొరికినట్టయింది.

ఆటగాళ్ల గురించి చెప్పాలంటే చాలామంది ఉన్నారు. జో రౌట్ 1936, 37ల్లో ఆలమెరికన్ ఆటగాడు. 1944 డిసెంబరులో యూరప్ యుద్ధరంగంలో చనిపోయాడు. స్టేడియం పక్క వీధికి అతని పేరే. 1939లో జాన్ కింబ్రో అనే ఫుల్‌బ్యాక్ బలంతో పదకొండు ఆటలకు పదకొండూ గెలిచి ఎ అండ్ ఎం జాతీయ విజేత అయింది. ఆఖరి ఆటలో తులేన్ మీద గెలుపు ఒకే ఒక్క పాయింటుతో, 14–13. జాన్ డేవిడ్ క్రో 1957లో హైస్మన్ ట్రోఫీ గెలిచాడు.

వీళ్లందరికన్నా నాకు దగ్గరివాడు డాట్ న్యూయెన్. 1975లో వియత్నాం వదిలి పారిపోయి వచ్చిన తల్లిదండ్రులకు ఆర్కన్సాలో శరణార్థుల శిబిరంలో పుట్టాడు. టెక్సాస్ సముద్రతీరంలో చేపలు పట్టుకునే ఊళ్లో పెరిగాడు. ఆ ఆటకు పెద్ద ఒడ్డూపొడుగూ ఉన్నవాడేం కాదు. అయినా 1995 నుంచి 98 దాకా నాలుగేళ్లూ జట్టులో అందరికన్నా ఎక్కువమందిని పడగొట్టినవాడు అతనే. 1998లో లొంబార్డి, బెడ్నారిక్ అవార్డులు రెండూ అతనికే వచ్చాయి. ఆ డిసెంబరులో, ఓటమి ఎరుగని కాన్సస్ స్టేట్‌ను ఎ అండ్ ఎం రెండు అదనపు పీరియడ్ల తర్వాత 36–33తో ఓడించింది. అప్పటికి నేను హ్యూస్టన్‌లో ఉద్యోగంలో ఉన్నాను. అపార్ట్‌మెంటులో మేం అరిచిన అరుపులకు కింది వాటా ఆయన పైకి వచ్చి తలుపు కొట్టాడు. ఆసియా ముఖం ఉన్న కుర్రాడి పేరును అంత జనం ఒక్క గొంతుతో పిలుస్తుంటే, అక్కడ మనకీ కాస్త చోటుందనిపించేది.

ఆ చోటు అందరికీ ఎప్పుడూ లేదు. నల్లజాతి కుర్రాళ్లు ఆ జట్టులోకి వచ్చింది 1967లో, అదీ స్కాలర్‌షిప్ లేకుండా స్వయంగా వచ్చి చేరినవాళ్లు. 1970లో హ్యూ మెకెల్‌రాయ్ మొదటి నుంచే బరిలోకి దిగిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఆ ఏడాదే ఎల్.ఎస్.యు. మీద ఆట ముగియబోతుండగా అతను పట్టిన బంతే జట్టును 20–18తో గెలిపించింది. అంతకుముందు తరాల్లో గేటు బయటే ఆగిపోయిన కుర్రాళ్లు ఎందరో. జట్టు చరిత్ర రాసేటప్పుడు వాళ్లనూ లెక్కపెట్టాలి.

అభిమానికి గర్వం సులువు. ఇంజనీరుగా నన్ను ఆలోచింపజేసినవి మాత్రం మరో రెండు ఘట్టాలు.

మొదటిది 1954. కొత్తగా వచ్చిన శిక్షకుడు బేర్ బ్రయంట్ ఆటగాళ్లను రెండు బస్సుల్లో జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్లాడు. కరువుకాలం, మండుటెండ, ముళ్లూ రాళ్లూ ఉన్న నేల. పది రోజుల శిక్షణలో మధ్యలో నీళ్లు తాగనివ్వలేదు. వడదెబ్బ తగిలి ఒక ఆటగాడు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. రాత్రిళ్లు మూటాముల్లె సర్దుకుని పారిపోయినవాళ్లు పోగా, సుమారు 35 మంది ఒకే బస్సులో తిరిగి వచ్చారు. ఆ ఏడాది జట్టు గెలిచింది ఒక్క ఆట. రెండేళ్లకు 1956లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ విజేత అయింది. అందుకని జంక్షన్ ఒక వీరగాథగా మిగిలింది. అక్కడ మిగిలినవారిలో ఒకడైన జీన్ స్టాలింగ్స్ తర్వాత ఎ అండ్ ఎం శిక్షకుడయ్యాడు. 1968 కాటన్ బౌల్‌లో గురువు బ్రయంట్ నడిపే అలబామా జట్టును 20–16తో ఓడించాడు. ఆట అయ్యాక బ్రయంట్ శిష్యుణ్ణి అమాంతం ఎత్తుకున్నాడు. ముచ్చటైన దృశ్యమే. కానీ నీళ్లు ఇవ్వకపోవడం వల్ల ఎవరూ బలవంతులు కారని ఇప్పుడు ప్రతి శిక్షకుడికీ తెలుసు. ఆ పది రోజుల్లో ఎవరూ చనిపోకపోవడం అదృష్టం. అదృష్టాన్ని మనం పద్ధతి అనుకున్నాం.

రెండోది నాకు మరీ దగ్గరిది. ఏటా టెక్సాస్ విశ్వవిద్యాలయంతో ఆటకు ముందు విద్యార్థులే పెద్ద భోగిమంట వేసేవారు. మన భోగిమంట లాంటిది కాదు. అడవికి వెళ్లి వేల దుంగలు నరికి తెచ్చి, నిలువుగా నిలబెట్టి, అంతస్తు మీద అంతస్తుగా పేర్చేవారు. 1969లో అది 109 అడుగులు దాటింది. ఆ తర్వాత 55 అడుగుల హద్దు పెట్టారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదువుతున్న 1994లో వానలకు నేల మెత్తబడి ఆ పేర్పు ఒరిగి పడిపోయింది. కుర్రాళ్లు రేయింబవళ్లు పనిచేసి మళ్లీ కట్టారు. మేమంతా చప్పట్లు కొట్టాం. పగలు క్లాసులో భారాలు, బంధనాలు లెక్కలు కట్టేవాణ్ణి. సాయంత్రం దాని ముందు నిలబడి ఫొటో దిగాను. ఇది దేని బలం మీద నిలబడుతోంది, లెక్క ఎవరు చూశారు అని ఒక్క మాట అడగలేదు. పరాయి దేశపు విద్యార్థిని, వాళ్ల సంప్రదాయం, మనకెందుకు అనుకున్నాను.

1999 నవంబరు 18 తెల్లవారుజామున రెండున్నర దాటాక, దాదాపు 60 అడుగుల ఎత్తున ఉన్న ఆ పేర్పు పని జరుగుతుండగానే కూలింది. పన్నెండు మంది చనిపోయారు, ఇరవై ఏడు మంది గాయపడ్డారు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు సాధన మానేసి వచ్చి, చేతులతో దుంగలు మోసి సహాయం చేశారు. యంత్రాలు వాడితే కింద ఉన్నవాళ్లకు ప్రమాదమని భయం.

ఎనిమిది రోజుల తర్వాత ఆట జరిగింది. స్టేడియంలో 86 వేలమంది. విరామంలో టెక్సాస్ జట్టు బ్యాండు వాళ్లు టోపీలు తీసి మృతులకు నివాళి వాయించారు. ఎ అండ్ ఎం బ్యాండు మౌనంగా నడిచి వెళ్లిపోయింది. అప్పటికి 16–6తో వెనకబడి ఉన్న ఎ అండ్ ఎం చివరికి 20–16తో గెలిచింది. ఆఖరి క్షణాల్లో ప్రత్యర్థి చేజార్చిన బంతిని పట్టుకున్న బ్రయన్ గ్యాంబుల్ మోకాళ్ల మీద కూలబడి చేతులు పైకెత్తాడు. టీవీ ముందు నేను ఏడ్చాను. గెలుపుకో, మరి దేనికో తెలియదు.

2000 మే నెలలో విచారణ సంఘం నివేదిక వచ్చింది. పై అంతస్తు దుంగలను కింది అంతస్తు దుంగల మధ్యలోకి దిగగొట్టడం వల్ల లోపలి నుంచి బయటికి తోపుడు పెరిగింది. చుట్టూ కట్టిన తీగలకు దాన్ని ఆపే బలం లేదు. అంతకుముందు వాడిన ఉక్కు తాళ్లు ఆ ఏడాది వాడలేదు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఇది ఆ ఒక్క రాత్రి తప్పు కాదు, ఎన్నో ఏళ్లుగా విద్యార్థులూ అధికారులూ చేస్తూ వచ్చిన నిర్ణయాల ఫలితం. ఆ నివేదికను ఉద్యోగరీత్యా చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ 1994 నాటి నా ఫొటో గుర్తొస్తుంది.

ఆ మంట మళ్లీ విశ్వవిద్యాలయం ఆవరణలో వెయ్యలేదు. ఆ స్థలంలో 2004లో కట్టిన స్మారకంలో పన్నెండు ద్వారాలున్నాయి. ఒక్కొక్కటీ చనిపోయినవారి సొంత ఊరి దిక్కుకు తిరిగి ఉంటుంది. జట్టు మాత్రం సాగుతూనే ఉంది. 2012లో జానీ మాన్జెల్ హైస్మన్ గెలిచిన తొలి ఫ్రెష్‌మన్ అయ్యాడు. స్టేడియం ఇప్పుడు లక్ష మందికి పైగా పడుతుంది. విద్యార్థులు ఇంకా నిలబడే చూస్తున్నారు.

నేనూ ఎప్పుడైనా వెళ్తే నిలబడే చూస్తాను. కానీ పన్నెండో మనిషి అంటే ఇప్పుడు నాకు అర్థం మారింది. చప్పట్లు కొట్టడానికి నిలబడటం సగమే. అవసరమైనప్పుడు లేచి నిలబడి "ఇది సరిగ్గా ఉందా?" అని అడగడం మిగతా సగం. ప్రేమ ఉన్నవాడే ఆ మాట అడగాలి. మనకెందుకులే అనుకునేవాడు ఎన్ని చప్పట్లు కొట్టినా గీత అవతలే ఉండిపోతాడు.

వాళ్ల ఆచారం ఒకటి చెప్పి ముగిస్తాను. ఏటా ఏప్రిల్ 21న ఆ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో కలుస్తారు. ఆ ఏడాది చనిపోయినవారి పేర్లు హాజరుపట్టీలా పిలుస్తారు. ప్రతి పేరుకూ ఒక స్నేహితుడో, ఇంటివాళ్లో "ఇక్కడే" అని పలుకుతారు. మన ఉత్సవంలోనూ అలా చేద్దామని నా మనవి. మన బడి హాజరుపట్టీలో పలికినట్టే పలుకుదాం. మన డ్రిల్లు మాస్టారి పేరు పిలిచినప్పుడు "ఉన్నారండీ" అనే పని నాకు ఇవ్వండి.

ఇంకొక మనవి. ఉత్సవానికి వేసే వేదిక, పందిరి రాటలు, దీపాల స్తంభాలు ముందు రోజే పూర్తి చేయించండి. ఆ సాయంత్రం నేను వచ్చి ఒక్కొక్కటీ చూస్తాను. సరిగా లేవనిపిస్తే చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. చూడటం అయిపోయాక, ఎప్పటిలాగే నీళ్ల బిందె దగ్గర నిలబడతాను.