ఈ-సిగరెట్ కార్ట్‌రిడ్జ్: వాడకం, నిర్వహణ, వాటి హద్దులు

బ్యాటరీతో పనిచేసే సిగరెట్‌లో నికోటిన్ ద్రవం నింపి ఉండే చిన్న గొట్టాన్ని కార్ట్‌రిడ్జ్ అంటారు. ద్రవంతో పాటు దాన్ని పీల్చుకునే దూది వత్తి, వత్తికి చుట్టిన సన్నని లోహపు తీగ, నోట్లో పెట్టుకునే మూతి కూడా చాలా రకాల్లో ఇందులోనే ఉంటాయి. కింద బిగించే బ్యాటరీ తీగను వేడెక్కిస్తుంది, వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది, పీల్చినవారి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఈ పరికరానికి నేటి రూపం ఇచ్చినది చైనా ఫార్మసిస్టు హాన్ లిక్, 2003లో. భారతదేశంలో దీని తయారీ, దిగుమతి, అమ్మకం 2019 నుంచి నిషిద్ధం. అయినా కార్ట్‌రిడ్జ్ ఎలా వాడాలి, ఎలా శుభ్రం చేయాలి అని వెతికే కుర్రవాళ్లు కాలేజీలున్న ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం అందుకు మినహాయింపు కావు. ఆ జాగ్రత్తలు ఉత్త మాటలు కావు, వాటి వెనక భౌతికశాస్త్రం ఉంది. అయితే అవి కాపాడేది పరికరాన్ని. ద్రవంలో ఏముందన్న ప్రశ్న దగ్గర అవన్నీ ఆగిపోతాయి. కార్ట్‌రిడ్జ్ గురించి కొత్తవారు ముందుగా తెలుసుకోవలసింది ఈ హద్దునే.

నిర్వహణ సూచనలన్నిటికీ మూలం ఒకటే: వత్తి ఎండిపోకూడదు. దీపపు వత్తి నూనె పీల్చినట్టు కార్ట్‌రిడ్జ్‌లోని దూది ద్రవాన్ని పైకి లాగుతుంది. కొత్త కార్ట్‌రిడ్జ్ బిగించాక అయిదు పది నిమిషాలు ఆగమనేది ఆ తడి దూది అంతటా పాకడానికే. వెంటవెంటనే దమ్ము లాగితే తీగ చుట్టూ ద్రవం తిరిగి చేరేలోపే వేడి పెరిగి దూది మాడుతుంది, గొంతులో మాడు వాసన తగులుతుంది. ద్రవం అడుగంటాక వాడకూడదనేదీ ఇందుకే. వోల్టేజి సంగతి ఇంకా సున్నితం. తీగ నిరోధం మారనప్పుడు వేడి శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. అందువల్ల 1.2 ఓమ్‌ల తీగకు 3.3 వోల్టుల దగ్గర సుమారు 9 వాట్లు చేరితే, 4 వోల్టుల దగ్గర 13 వాట్లు దాటుతాయి. మీట కొంచెం తిప్పినట్టే ఉంటుంది, వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ద్రవంలో ప్రధానంగా ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిసరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. వేడి హద్దు మీరితే ఈ రెండూ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి విషపదార్థాలు పుడతాయి. మిగిలిన సూచనలు చిన్నవి: కార్ట్‌రిడ్జ్‌ను నిలువుగా ఉంచడం, మరీ బిగించకపోవడం, బ్యాటరీ తాకే లోహపు బిళ్లను పొడి దూదితో తుడవడం, తగిన చార్జరే వాడటం. కృష్ణా, గోదావరి జిల్లాల ఎండల్లో ఇంకో మాట చేర్చాలి. వేసవిలో నిలిపి ఉంచిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. ఆ వేడికి ద్రవం పలచబడి కారుతుంది, లిథియం బ్యాటరీకి అగ్నిప్రమాదం ముప్పు పెరుగుతుంది.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించినవాడు కూడా తన చేతిలోని గొట్టంలో ఏముందో చెప్పలేడు. దీనికి పెద్ద సాక్ష్యం అమెరికాలో 2019లో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడ 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. మృతులు 68 మంది. ప్రధాన కారణంగా తేలింది విటమిన్-ఇ అసిటేట్. గంజాయి సారం నింపి దొంగచాటుగా అమ్మిన కార్ట్‌రిడ్జ్‌లలో ద్రవం చిక్కగా కనబడేందుకు దాన్ని కలిపారు. చర్మానికి రాసుకునే క్రీముల్లో ఉండే పదార్థమే, ఊపిరితిత్తుల్లోకి వెళ్లేసరికి ప్రాణం తీసింది. ఆ రోగులు బ్యాటరీని సరిగా వాడలేదనో, తీగను శుభ్రం చేయలేదనో ఎవరూ అనలేదు. గొట్టం ఎక్కడ నింపారో తెలియకపోవడమే వారి కొంప ముంచింది. తీగ విషయమూ ఇంతే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోజువారీ వాడకందారుల పరికరాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. సీసాలోని ద్రవంలో అతి తక్కువగా ఉన్న సీసం, క్రోమియం, నికెల్ వంటి లోహాలు, వేడి తీగను తాకి వచ్చిన ఆవిరిలో పెరిగినట్టు అందులో తేలింది. ఎంత తుడిచినా ఇది పోదు, లోహం వచ్చేది ఆ తీగ నుంచే కదా.

నికోటిన్ ఏలూరు ప్రాంతానికి కొత్త కాదు. ఏలూరు జిల్లా మెట్టలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు వర్జీనియా పొగాకు తరాలుగా పండుతోంది. 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పేరుతో వెలసిన సంస్థకు జీలుగుమిల్లిలో పరిశోధన కేంద్రం కూడా ఉంది. మంచుతో తడిసిన పచ్చి ఆకును ఒంటికి ఆనించుకుని కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు, నీరసం కలగడం వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బే. ఆకులోని నికోటిన్ తడితో కలిసి చర్మం గుండా ఒంట్లోకి పోవడం దానికి కారణం. కారిన కార్ట్‌రిడ్జ్‌ను ఒట్టి చేతులతో తుడిస్తే జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ ద్రవం ఆకు తడి కంటే చిక్కన. పిల్లలు మింగితే ప్రాణాపాయం. ఈ మెట్ట పొలాలు ఇంకో తేడా కూడా చూపిస్తాయి. పొగాకు బోర్డు వేలం కేంద్రానికి వచ్చే బేలు ఏ రైతుదో, ఆకును వేడితో ఆరబెట్టే ఏ బ్యారన్ నుంచి వచ్చిందో, ఏ గ్రేడుదో నమోదై ఉంటుంది. సరుకులో లోపముంటే వెనక్కి నడిచి పొలం దాకా పోవచ్చు. పండ్ల వాసనతో, రంగురంగుల డబ్బాలో చేతులు మారి వచ్చే కార్ట్‌రిడ్జ్‌కు అలాంటి చిరునామా లేదు. డబ్బా మీద ముద్రించిన నికోటిన్ శాతం నిజమో కాదో చూసే అధికారి కూడా లేడు. మూలం తెలియకపోతే ఎంత కష్టమో ఏలూరుకు వేరే చెప్పనక్కర్లేదు. 2020 డిసెంబరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు కారణం పట్టుకోవడానికి దేశంలోని పెద్ద పెద్ద సంస్థలు కదలవలసి వచ్చింది. ఆ జబ్బుకూ ఈ పరికరానికీ ఏ సంబంధమూ లేదు. అయితే అక్కడ నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం నమూనాలు తీసి పరీక్షించేందుకు ఒక యంత్రాంగం ఉంది. దొంగ కార్ట్‌రిడ్జ్ విషయంలో ఆ మాత్రం కూడా లేదు.

చట్టం సంగతి సూటిగానే ఉంది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు చట్టమైన ఈ నిషేధం పూర్తి పరికరానికే కాక దాని భాగాలకూ వర్తిస్తుంది. కాబట్టి ఒట్టి కార్ట్‌రిడ్జ్ అమ్మినా నేరమే. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలకు మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వకు ఆరు నెలల వరకు జైలు లేదా 50,000 వరకు జరిమానా, లేదా రెండూ. నికోటిన్ లేదని రాసి ఉన్నా తప్పించుకోలేరు. గోదావరి జిల్లాల్లో అమెరికాలోనో గల్ఫ్‌లోనో పిల్లలున్న ఇళ్లు ఎక్కువ. సెలవులకు వస్తూ పెట్టెలో తెచ్చినా అది దిగుమతి కిందికే వస్తుంది. పొగ పీల్చినందుకే శిక్ష వేసే సెక్షన్ లేదు గానీ, వస్తువు చేతికి చేరే దారులన్నీ మూసేశారు.

ఈ నిషేధానికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది బ్రిటన్ ఉదాహరణ. అక్కడి ఆరోగ్య శాఖే సిగరెట్ మానలేనివారిని ఈ-సిగరెట్‌కు మారమంటుంది. నికోటిన్ గమ్, పట్టీల కంటే ఇవి మాన్పించడంలో మెరుగని కోక్రేన్ సమీక్ష కూడా గట్టిగానే చెప్పింది. ఆ సాక్ష్యాన్ని కొట్టిపారేయడం నిజాయతీ కాదు. పొగాకును కాల్చినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో లేవన్నది నిజమే. కానీ బ్రిటన్ సలహా గాలిలో నిలబడలేదు. ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటరాదు, కార్ట్‌రిడ్జ్‌లో 2 మిల్లీలీటర్లకు మించి పట్టరాదు, అందులో కలిపినవన్నీ ముందే ప్రభుత్వానికి తెలియజేయాలి. ఆ సలహాకు కాళ్లు ఈ నిబంధనలే. వాటిని వదిలేసి సలహాను ఒక్కదాన్నే కొల్లేటి గట్టుకు తెచ్చుకుంటే మిగిలేది దొంగ సరుకు. పైగా ఆ సలహా అప్పటికే పొగ తాగేవారి కోసం; ఏనాడూ బీడీ ముట్టని ఇంజనీరింగ్ విద్యార్థికి అది వర్తించదు. రెండో అభ్యంతరం న్యాయమైనది: సిగరెట్లు, బీడీలు, చుట్టలు ప్రతి కిళ్లీ కొట్టులో దొరుకుతుండగా దీన్నొక్కదాన్నే నిషేధించడం ఏం న్యాయం? ఇది సిగరెట్ల మీద ఇంకా గట్టి చర్య కోరే వాదన. కార్ట్‌రిడ్జ్‌లోని ద్రవాన్ని అది రవ్వంత కూడా శుభ్రం చేయదు. నిషేధమే దొంగ సరుకును పుట్టించిందనేవారూ ఉన్నారు, అందులో కొంత నిజముంది. అయితే ఆ నిజం కూడా వాడకందారును అదే చోటికి తెస్తుంది: ఈ రోజు ఇక్కడ దొరికే గొట్టానికి పూచీ ఇచ్చేవాడు లేడు.

వాడి పారేసిన గొట్టం సంగతి ఇంకొకటి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారుది. నిషిద్ధ వస్తువుకు ఉత్పత్తిదారే కనబడడు. ఏలూరు మురుగు కాలువల్లో పడ్డది తమ్మిలేరు మీదుగా కొల్లేటికి చేరుతుంది. 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన ఆ సరస్సు చుట్టూ చేపల చెరువులే. నికోటిన్‌ను ఒకప్పుడు పురుగుమందుగా చల్లేవారు, అది చేపలకూ విషమే. అందుకని మిగిలిపోయిన కార్ట్‌రిడ్జ్‌ను చెత్తలోనో కాలువలోనో విసరకుండా మూత బిగించి, పిల్లలకు అందకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇవ్వడం మంచిది.

సిగరెట్ మానడానికే దీని వైపు చూస్తున్నవారికి ఇక్కడ చట్టబద్ధమైన దారులున్నాయి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. నాలుగైదుసార్లు నమిలి, ఘాటు తగలగానే దవడ పక్కన ఉంచి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. మింగేసిన నికోటిన్ పని చేయకపోగా ఎక్కిళ్లు, కడుపులో మంట తెస్తుంది. సిగరెట్ పెట్టెల మీద ముద్రించే జాతీయ సహాయ నంబరు 1800-112-356కు ఫోను ఉచితం. మానేందుకు తేదీ నిర్ణయించుకోవడం దగ్గర నుంచి మొదటి వారాల తహతహను తట్టుకోవడం దాకా అక్కడి సలహాదారులు తోడుంటారు.