పుట్టిన ఊరు రేపల్లె, పేరు చిత్తూరు

ఉగాది ఉత్సవానికి కార్యక్రమం నిర్ణయించడానికి పెద్దలూ యువకులూ కూర్చున్నప్పుడు మా క్యాంపులో ఒక వివాదం వచ్చింది. పెద్దలు పద్యనాటకం ఒక్క అంకమైనా ఆడించవలెనన్నారు. యువకులు అందుకు సమ్మతించలేదు. మైకు పట్టుకొని ర్యాప్ పాడతామన్నారు. "అది పాటా, మాటా?" అని ఒక పెద్దాయన అడిగితే, "రెండూను, తాతయ్యా! అమెరికాలో ర్యాప్ పాడిన వాళ్ళే హాలీవుడ్‌లో హీరోలయ్యారు. మన పద్యాలు పాడిన వాళ్ళలో అట్లా అయినవాళ్ళు ఎవరున్నారు?" అని ఒక కుర్రవాడు ఎదురు ప్రశ్న వేశాడు. పెద్దలలో ఎవరూ వెంటనే సమాధానం చెప్పలేదు. ఆ సమాధానం చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా కుర్రవాని మాటలో నిజమెంతో చూద్దాము. ర్యాప్ అనేది తాళానికి మాటలు తూచి, ప్రాసలు గుప్పిస్తూ, పాటకూ మాటకూ నడుమ సాగే విద్య. 1970లలో న్యూయార్కు నగరంలోని బీద పేటలలో నీగ్రో జాతీయులని ఒకప్పుడు చులకనగా పిలువబడిన నల్లవారి పిల్లలు దానిని పెంచారు. ఫిలడెల్ఫియా నగరానికి చెందిన విల్ స్మిత్ అనే యువకుడు అట్లా పాడి రికార్డులిచ్చి, 1989లో ర్యాప్‌కు తొలిసారిగా ఇచ్చిన గ్రామీ బహుమానాన్ని తన జోడీదారుతో కలిసి గెలుచుకున్నాడు. 1990లో టెలివిజన్ ధారావాహికలోను, తరువాత సినిమాలలోను ప్రవేశించి, 2022లో ఉత్తమ నటుడుగా ఆస్కార్ అందుకున్నాడు. ముందు గొంతు రికార్డు మీద ఇల్లిల్లూ తిరిగింది. మనిషి తెరమీదికి తరువాత వచ్చాడు. వరుస అది.

ఈ వరుస మనకు కొత్త కాదు. విల్ స్మిత్ పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే ఒక తెలుగువాడు ఈ దారిని నడిచాడు. ఆయనే చిత్తూరు వి. నాగయ్యగారు.

నాగయ్యగారి పూర్తి పేరు వుప్పలదడియం నాగయ్య. 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నది. కృష్ణ నీళ్ళు పారే డెల్టా నేల అది. కాని ఆయన బాల్యమూ యౌవనమూ గడిచినవి చిత్తూరు ప్రాంతంలో. ఒకవైపు తమిళం, మరొకవైపు కన్నడం, నడుమ తెలుగు వినవచ్చే సరిహద్దు సీమ అది. చదువు ముగించి కచేరీలో గుమాస్తాగా కొంతకాలం, పత్రికా రంగంలో కొంతకాలం పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహం నాటి వేడి ఆయననూ తాకింది. కాని ఆయనకు పేరు తెచ్చినది చిత్తూరులోని రామవిలాస సభ. ఆ సభ నాటకాలలో ఆయన వేషాలు కట్టారు, పద్యాలు పాడారు. 'సారంగధర' నాటకంలో స్త్రీ వేషం కట్టి మెప్పించారు. ఊరి పేరు ఆయన పేరుకు ముందు శాశ్వతంగా నిలిచిపోయింది. పుట్టిన ఊరు రేపల్లె. లోకానికి తెలిసిన పేరు చిత్తూరు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెనని మా ప్రార్థన. చివర దీనితో పని ఉన్నది.

తరువాత గ్రామఫోను వచ్చింది. ఈ యంత్రం నాటకాల పాటకు చేసిన మార్పు సామాన్యమైనది కాదు. పందిట్లో ఒక పద్యాన్ని నటుడు రాగం తీస్తూ పావుగంట పాడినా, "వన్స్ మోర్" అని జనం మళ్ళీ పాడించేవారు. రికార్డుకు ఒక్కొక్క వైపున మూడు నిమిషాల కొంచెం పైన మాత్రమే చోటు. పాడదలచినదంతా ఆ మూడు నిమిషాలలో ఇమడవలె. అంతేకాదు. పందిట్లో ఆఖరు చాపమీద కూర్చున్నవానికి వినిపించడానికి గొంతు చించుకోవలె. 1925 తరువాత విద్యుత్తుతో పనిచేసే మైకు రికార్డింగు గదిలోకి వచ్చేసరికి ఆ అవసరం తీరిపోయింది. మెత్తగా, దగ్గర కూర్చొని చెప్పినట్టుగా పాడినా చాలును. అరిచే గొంతులు వెనుకబడినవి. అనుభవించి పాడే గొంతులు ముందుకు వచ్చినవి. నాగయ్యగారిది ఈ రెండవ జాతి గొంతు. రికార్డుల ద్వారా ఆయన స్వరం ఆయన ముఖం ఎరుగని ఇళ్ళలోకి చేరింది.

1932లో తెలుగు టాకీ పుట్టింది. 'భక్త ప్రహ్లాద' తీసిన హెచ్. ఎం. రెడ్డిగారే 1938లో 'గృహలక్ష్మి' తీస్తూ, నాగయ్యగారికి సంఘ సంస్కర్త పాత్ర ఇచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 34. ఆ చిత్రంలో కల్లు మానవలసినదిగా జనానికి బోధించే పాట ఒకటి ఆయన పాడారు. ఆ రోజులలో తెరమీద నటుడు తన పాట తానే పాడవలె. వెనుకనుంచి వేరొకరు పాడే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. కనుక పాడగలవాడికే కథానాయకత్వం. ఈ ఒక్క కారణం వల్లనే నాటకాల పందిళ్ళ నుంచీ గ్రామఫోను గదుల నుంచీ సినిమాకు తిన్ననైన బాట ఏర్పడింది.

మరుసటి సంవత్సరం, 1939లో, బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ తరపున 'వందేమాతరం' తీశారు. కాంచనమాల నాయిక, నాగయ్యగారు నాయకుడు, సంగీతమూ ఆయనదే. 1940లో 'సుమంగళి'. అందులో కందుకూరి వీరేశలింగం పంతులుగారిని తలపించే వృద్ధ సంస్కర్తగా నటించారు. ముప్పై ఆరేళ్ళ నాయకుడు తల నెరిపించుకొని ముసలి వేషం కట్టడానికి వెనుదీయలేదు. 1941లో 'దేవత'. తరువాత పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమన. 'త్యాగయ్య'కు దర్శకుడూ ఆయనే, సంగీత కర్తా ఆయనే. పోతన, వేమన చిత్రాలకు దర్శకులైన కె. వి. రెడ్డిగారు తాడిపత్రి సీమవారు. ఆ మూడు పాత్రలతో నాగయ్యగారు తెలుగువారికి ఒక నటుడుగా గాక ఒక భక్తుడుగా కనిపించారు. పోతనను తలచుకొంటే ఆయన ముఖమే కళ్ళకు కట్టే తరం ఒకటి ఉండేది. మా తల్లిదండ్రులది ఆ తరమే.

హాలీవుడ్ మాట వచ్చింది గనుక ఒక సంగతి. 1945లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు మీరాగా నటించిన తమిళ చిత్రంలో రాణా పాత్ర నాగయ్యగారిది. ఆ చిత్ర దర్శకుడు ఎల్లిస్ ఆర్. డంగన్ అనే అమెరికా దేశస్థుడు. ఒహాయో రాష్ట్రంవాడు, లాస్ ఏంజిలిస్‌లో సినిమా విద్య నేర్చి 1935లో మన దేశానికి వచ్చాడు. తమిళం రాకుండానే తమిళ చిత్రాలు తీసి 1950లో తిరిగి వెళ్ళాడు. మన నటుడు హాలీవుడ్‌కు పోలేదు. హాలీవుడ్ పొరుగున చదివినవాడే మన నటుని దగ్గరకు వచ్చాడు. ఇక నిజంగానే హాలీవుడ్ చేరినవాడు మనమున్న ఈ కర్ణాటకలోనే పుట్టాడు. మైసూరు సంస్థానంలో మావటివాని కొడుకు సాబూ, 1937లో విడుదలైన 'ఎలిఫెంట్ బాయ్' చిత్రంతో బాలుడుగానే లోకమంతటా పేరుపొంది, అమెరికా వెళ్ళి అక్కడి తారలలో ఒకడయ్యాడు.

అయితే పందిట్లో గొప్పవారంతా తెరమీద గొప్పవారయ్యారని అనుకోరాదు. తుంగభద్ర దాటితే వచ్చే బళ్ళారినే చూడండి. బళ్ళారి రాఘవగారు 1880లో తాడిపత్రిలో పుట్టారు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి అడుగుజాడలలో బళ్ళారిలో నాటకరంగానికి వచ్చారు. వృత్తికి న్యాయవాది. తెలుగులోను కన్నడంలోను ఆడి మెప్పించారు. పద్యాన్ని రాగంతో సాగదీయడం కన్న పాత్ర మనస్సును చూపడమే నటన అని నమ్మిన మహానటుడు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో, 1939లో 'రైతుబిడ్డ'లో, 1940లో 'చండిక'లో నటించారు. కాని సినిమా ఆయన ముందుకు వచ్చేటప్పటికి ఆయనకు 56 ఏళ్ళు. సినిమా ఆయనకు వైభవం కూర్చలేదు. 1946లో కన్నుమూసిన రాఘవగారు నేటికీ రంగస్థల నటుడుగానే మనకు స్మరణీయులు. విద్య ఒక్కటే చాలదు. విద్యకూ యంత్రానికీ కాలం కలిసిరావలె.

నాగయ్యగారికి కలిసివచ్చిన కాలం కూడా అట్లాగే దాటిపోయింది. 1940ల చివరకు నేపథ్య గానం స్థిరపడింది. అక్కినేనివారు తొలి చిత్రాలలో తమ పాటలు తామే పాడుకున్నారు. తరువాత ఘంటసాలగారు పాడగా నాయకులు పెదవులు కదిపితే సరిపోయింది. గొంతు ఒకరిది, రూపం ఒకరిది అయినది. నాయకుడు పాడనక్కరలేదు గనుక పాడేవాడు నాయకుడు కానక్కరలేదు. పందిట్లో నుంచి తెరకు వేసిన బాట అక్కడితో మూసుకుపోయింది. నాగయ్యగారు తండ్రి, గురువు, ఋషి పాత్రలకు మళ్ళారు. 1964లో 'రామదాసు' చిత్రాన్ని తామే నిర్మించి దర్శకత్వం వహించారు. 1965లో పద్మశ్రీ లభించింది.

అయితే చేతికి వచ్చిన ధనం చేతిలో నిలువలేదు. అడిగినవారికి లేదనడం ఆయన ఎరుగరు. ఒకనాడు దక్షిణదేశంలో ఎక్కువ పారితోషికం పొందిన నటులలో ఒకరు, చివరి యేళ్ళలో చిన్న చిన్న వేషాలతో, చాలని డబ్బుతో కాలం గడపవలసి వచ్చింది. 1973 డిసెంబరు 30న మద్రాసులో మరణించారు. ఆ తరువాత అక్కడి పానగల్ పార్కులో విగ్రహం నిలిపారు. బ్రతికినప్పుడు పలకరింపు, పోయిన తరువాత విగ్రహం. ఏది ముందు కావలసినదో పాఠకులే ఆలోచించుకోవలె. మన క్యాంపులలో ఒకప్పుడు హార్మోనియం వాయించి, పద్యం చెప్పి, మన పిల్లల పెళ్ళిళ్ళకూ దేవుని పెళ్ళిళ్ళకూ కళ తెచ్చిన ముసలివారు ఇప్పటికీ ఒకరిద్దరు ఉన్నారు. వారి పేర్లు ఇక్కడ వ్రాయము. వారి ఇళ్ళు మనకందరికీ తెలుసును.

ఇక మొదట గుర్తుంచుకొమ్మన్న సంగతికి వద్దాము. తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది వేశారు. 1953లో నీరు నిలిచింది. ఎడమ కాలువ నీళ్ళ వెంట కోస్తా జిల్లాల నుంచి మన పెద్దలు సింధనూరు, మాన్వి, గంగావతి తాలూకాలకు వచ్చి, జొన్న చేలున్న నల్లరేగడిని వరిమళ్ళుగా మార్చారు. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోనిది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. నేలమీది గీతలు మారాయి, మనం వచ్చిన నేల మారలేదు. వచ్చినవారి మనుమలు ఇప్పుడు బడిలో కన్నడం చదువుతున్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. అయినా ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే తాతగారి ఊరి పేరు చెప్పడమా, పుట్టిన క్యాంపు పేరు చెప్పడమా అని ఒక్క క్షణం తడబడతారు. ఈ తడబాటు మాకూ ఉన్నది.

రేపల్లెలో పుట్టి చిత్తూరు నాగయ్య అయిన ఆయనకు, తాడిపత్రిలో పుట్టి బళ్ళారి రాఘవ అయిన ఆయనకు ఈ తడబాటు ఉన్నట్టు కనిపించదు. తమ విద్యను ఆదరించిన ఊరిని పేరుకు ముందు పెట్టుకున్నారు. దానివల్ల వారి తెలుగు తగ్గలేదు, వారు పుట్టిన ఊళ్ళకు లోటు రాలేదు. ఊరు విడిచిన మనిషి తన వెంట తెచ్చుకొనగలిగినది గొంతులోని మాట ఒక్కటే. ఆ మాటకు కొత్త ఊరు చోటిచ్చినప్పుడు ఆ ఊరి పేరు తన పేరులో కలుపుకోవడమే ఋణం తీర్చుకోవడం.

కనుక ఆ కుర్రవానికి మా సమాధానం ఇది. నాయనా, పాడి నాయకుడైనవాడు మనలోనూ ఉన్నాడు. ఆయన ముందు పద్యం నేర్చాడు, తరువాత మైకు ముందు నిలిచాడు. మూడు నిమిషాలలో ఇమడవలసి వచ్చినప్పుడు ఇమిడ్చాడు. నీవు ర్యాప్ పాడు, అడ్డు చెప్పము. మాటలు తూచి, ప్రాస కుదిర్చి, తాళం తప్పకుండా చెప్పడం మన పూర్వులకు తెలియని విద్య కాదు. అయితే తెలుగులో పాడు. కన్నడం కలిసినా తప్పులేదు, మనం బ్రతుకుతున్నది ఈ గాలిలోనే. పాడబోయే ముందు హార్మోనియం తాతయ్య ఇంటికి ఒకసారి వెళ్ళి ఒక పద్యం చెప్పించుకో. ఆయన సంతోషిస్తాడు, నీకు మాట బరువు తెలుస్తుంది.

వివాదం ఎట్లా తీరినదో కూడా చెప్పి ముగిస్తాము. మొదట పద్యనాటకంలో ఒక అంకం, వెంటనే కుర్రవాళ్ళ పాట. వేదిక ఒకటే, మైకు ఒకటే. పాడేవారి పేర్లు చదివేటప్పుడు ఒక్కొక్కరి పేరుకు ముందు వారి క్యాంపు పేరు చేర్చి చదవవలెనని మేము కోరగా, సంఘంవారు సంతోషంతో అంగీకరించారు.