రాజుల నవలలు, తెలుగు చదువరుల ఎంపిక

తెలుగులో చారిత్రక నవలకు దారి చూపినవి ఇంగ్లండు రాజుల కథలు. సర్ వాల్టర్ స్కాట్ 1814లో ‘వేవర్లీ’తో ఈ ప్రక్రియకు రూపు దిద్దాడు. 1819 చివర వెలువడిన ‘ఐవాన్‌హో’లో సింహహృదయుడు రిచర్డ్, 1821 నాటి ‘కెనిల్‌వర్త్’లో మొదటి ఎలిజబెత్ కనిపిస్తారు. ‘ఐవాన్‌హో’లో కథంతా ఒక కల్పిత యోధుడి చుట్టూ తిరుగుతుంది, రాజు మారువేషంలో వచ్చిపోతాడు. రాజు గతిని చరిత్ర ముందే తేల్చేసింది కనుక రచయిత దాన్ని మార్చలేడు. కల్పిత పాత్రను మాత్రం తన ఇష్టం వచ్చినట్టు నడపగలడు. తరువాతి చారిత్రక నవలాకారులు ఎందరో ఈ ఉపాయాన్నే పట్టుకున్నారు.

తెలుగులో 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ రాశాడు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వెలువడసాగింది. గోల్డ్‌స్మిత్ నవల ప్రేరణతో మొదలైన ఆ రచన ఒక సామాన్య గృహస్థుడి కథ. రాజవంశాల వైపు పాఠకుల చూపు తిప్పినవి రాజమహేంద్రవరంలో ‘చింతామణి’ పత్రిక నడిపిన నవలల పోటీలు. ఆ పోటీల కాలంలోనే చిలకమర్తి లక్ష్మీనరసింహం 1896లో ‘హేమలత’ రాశాడు. రాజపుత్రుల చిత్తోడ్ కోటపై అల్లాఉద్దీన్ ఖిల్జీ దండయాత్ర దానికి నేపథ్యం. తరువాత ‘అహల్యాబాయి’ కూడా ఆయన కలం నుంచి వచ్చింది. ‘ఆంధ్ర స్కాట్’ అన్న బిరుదు ఆయనకు ఊరికే రాలేదు. అయితే ఆ తొలి నవలల్లో రాజులు ఉత్తరాది వారు. రాజపుత్రుల గాథలు కర్నల్ టాడ్ గ్రంథం ద్వారా చేతికి అందుతుండగా, ఆంధ్ర రాజుల చరిత్ర ఇంకా శాసనాల్లోనే ఉండిపోయింది.

ఈ లోటు తీర్చడానికి పూనుకున్నది విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పూనికతో 1906లో హైదరాబాదులో అది ఏర్పడింది. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ను 1910 నుంచి సంపుటాలుగా ప్రచురించింది, మరోవైపు చారిత్రక నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చింది. భోగరాజు నారాయణమూర్తి ‘విమలాదేవి’, కేతవరపు వేంకటశాస్త్రి ‘రాయచూరు యుద్ధము’ ఈ ప్రోత్సాహంతో వెలుగు చూసినవే. పాఠకులకు ఏ నవల అందాలన్నది ఇక్కడ బాధ్యత గల పనిగా మారింది. ఒకే సంస్థ చరిత్రనూ, నవలనూ పాఠకుడి చేతిలో పెట్టడం వల్ల రెండింటినీ పోల్చి చూసుకునే వీలు కలిగింది.

పుస్తకం కొనలేని పాఠకుడికి అది గ్రంథాలయంలో దొరికింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలిశాయి. మొదటి రెండూ రాజుల పేర్లే పెట్టుకోవడం గమనించదగ్గది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభకు అధ్యక్షుడు చిలకమర్తి. చారిత్రక నవలకు బాట వేసిన రచయితే నలుగురూ కలిసి చదువుకునే ఉద్యమానికీ అండగా నిలిచాడు.

ఆంధ్ర రాజవంశాల నవల నిండుగా ఎదిగిన కాలానికి చక్కని ఉదాహరణ రుద్రమదేవిపై వచ్చిన నవలలు. ఆమె గణపతిదేవుడి కూతురు. 1262 నుంచి 1289 వరకు కాకతీయ రాజ్యాన్ని ఏలింది. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని పురుష నామంతోనే పేర్కొన్న సందర్భాలున్నాయి. అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ 1945 నాటిది. అందులో గన్నారెడ్డి గజదొంగగా పేరు మోస్తూనే లోలోపల రాణికి అండగా నిలిచే వీరుడు. ఆ పేరు గల సామంతుడు నిజంగానే ఉన్నాడు. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనం అతణ్ణి స్మరిస్తుంది. గజదొంగ వేషం మాత్రం నవలాకారుడి సృష్టి. నోరి నరసింహశాస్త్రి 1951లో ‘రుద్రమదేవి’ రాశాడు. ‘నారాయణభట్టు’, ‘కవిసార్వభౌముడు’ నవలల్లో కవుల కాలాన్ని పునర్నిర్మించిన ఈ రచయితకు రాజ్యంతో పాటు మతం, సాహిత్యం, పాండిత్యం కూడా కథలో భాగాలే.

నవలనూ చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం ఇంగ్లండు రాజుల కథల్లోనూ కనిపిస్తుంది. ‘కెనిల్‌వర్త్’లో 1575 నాటి రాణి పర్యటన వేళ లెస్టర్ ప్రభువు భార్య ఎమీ రాబ్‌సార్ట్ బతికే ఉంటుంది, నిజానికి ఆమె 1560లోనే చనిపోయింది. జోసెఫీన్ టే 1951లో రాసిన ‘ది డాటర్ ఆఫ్ టైమ్’ మూడో రిచర్డ్‌పై పడిన హత్యానిందను ఒక పోలీసు అధికారి పరిశోధనగా మలిచింది. ఆ రాజు అస్థిపంజరం 2012లో లెస్టర్‌లోని ఒక కారు పార్కింగ్ స్థలం కింద బయటపడింది. రుద్రమ విషయంలో అలాంటి కొత్త సాక్ష్యం నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం. 1289 నవంబరు నాటి ఆ శాసనం ఆమె మరణాన్ని తెలుపుతుంది. ఆమె 1295 దాకా ఏలిందన్న పాత అభిప్రాయం దీనితో వీగిపోయింది. మార్కో పోలో ఆమెను రాజు భార్యగా, వితంతువుగా వర్ణించాడు. కానీ ఆమె తండ్రి నుంచి రాజ్యం పొందిన కూతురని శాసనాలు చెబుతాయి.

చదువరుల బృందానికి చారిత్రక నవల ఎంచడానికి ఈ అనుభవం ఒక పద్ధతి నేర్పుతుంది. ఒకే రాజు లేదా రాణిపై రెండు నవలలు తీసుకుంటే, చరిత్ర ఎంతవరకో కల్పన ఎక్కడ మొదలవుతుందో చర్చలోనే తేలుతుంది. రుద్రమకు బాపిరాజు, నోరి నవలలు అలాంటి జత. ఎనిమిదో హెన్రీ కొలువుకు ఫిలిప్పా గ్రెగరీ ‘ది అదర్ బొలీన్ గర్ల్’ (2001), 2009లో బుకర్ బహుమతి పొందిన హిలరీ మాంటెల్ ‘వుల్ఫ్ హాల్’ మరో జత. మొదటిది ఆన్, మేరీ బొలీన్ అక్కచెల్లెళ్ల కథను మేరీ నోట చెప్పిస్తుంది. రెండోది రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ కళ్లతో అదే కొలువును చూపుతుంది. వీటికి తోడుగా ఒక చరిత్ర గ్రంథం బల్లమీద ఉంటే ఎంపిక పూర్తవుతుంది. విజ్ఞాన చంద్రికా మండలి ఒక తరానికి చేసిపెట్టిన ఏర్పాటు సరిగ్గా ఇదే.