పచ్చీసు గుడ్డ కుట్టిన చేయి

పచ్చీసు ఆడాలంటే ముందు ఎవరో ఒకరు గుడ్డ కుట్టాలి. నాలుగు రెక్కలు, రెక్కకు మూడు వరసలు, వరసకు ఎనిమిది గళ్ళు. అన్నీ కలిపి 96 గళ్ళు, నడుమ కాయలు పండే ఇల్లు. రంగు దారంతో గీతలు కుట్టిన పాత పచ్చీసు గుడ్డలు, రంగు పీలికలు అతికి చేసినవి మ్యూజియంలలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఫతేపూర్ సిక్రీ రాతినేల మీద పరిచిన పచ్చీసు పటం గురించి చరిత్ర పుస్తకాలు తప్పకుండా చెబుతాయి. ఆట అయ్యాక చుట్టచుట్టి మూలన పెట్టే ఈ గుడ్డల గురించి, వాటి మీది కుట్టు గురించి అంతగా చెప్పవు. ఈ ఉపేక్ష చిన్నదేమీ కాదు. వీడియో గేములు ఆడే స్త్రీని, లేసు అల్లే స్త్రీని లోకం ఇద్దరు వేరు మనుషులుగా చూడటానికి మూలం ఇందులో ఉంది. ఒకటి ఈ కాలపు మగపిల్లల వ్యసనమని, రెండోది అమ్మమ్మల కాలపు ఓర్పు అని లెక్క వేసి, రెండూ ఒకే మనిషిలో కనిపిస్తే ఆశ్చర్యపోతారు. ఆ లెక్క తప్పు. ఆట, అల్లిక స్త్రీల రోజువారీ జీవితంలో ఒకే చోట, ఒకే రకం తీరికలో పెరిగాయి. వాటి మధ్య గోడ లేచి యాభై ఏళ్ళు కూడా కాలేదు, లేపింది బజారు.

తెలుగు ఇళ్ళలో అష్టాచెమ్మాకు పటం కొనే అవసరం ఉండేది కాదు. అరుగు మీద సుద్దతోనో బొగ్గుతోనో అయిదు వరసలుగా అయిదేసి గళ్ళు గీసుకుంటే పటం తయారు. గవ్వలు లేకపోతే చింతపిక్కలను గచ్చు మీద ఒక పక్క తెల్లబడేదాకా అరగదీస్తే అవే పాచికలు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. కాయలకు గాజుముక్కలు, గింజలు, పుల్లలు, ఏది చేతికి దొరికితే అది. వామనగుంటల పీట వడ్రంగి చేసిపెట్టేది, కానీ అది లేనిచోట నేలలోనే రెండు వరసల్లో ఏడేసి గుంటలు తవ్వుకోవచ్చు. అంటే ఆడేవాళ్ళే ఆట సరంజామా చేసుకునేవాళ్ళు. 15వ శతాబ్దంలో పోతన రుక్మిణి చిన్నతనాన్ని వర్ణిస్తూ చెప్పిన ఆటలు చూడండి: బొమ్మల పెళ్ళిళ్ళు, గుజ్జనగూళ్ళు, పూలతీగెల పెంపకం, ఉయ్యాల, బంతులాట. రాజు కూతురి ఆటలే అయినా అందులో సగం వండటం, పెంచటం, అమర్చటం. ఈనాడు స్టార్‌డ్యూ వ్యాలీ, యానిమల్ క్రాసింగ్ లాంటి వీడియో గేముల్లో తోట వేసి, ఇల్లు సర్ది, పొరుగువాళ్ళకు కానుకలు పంచే ఆటగత్తె చేస్తున్నది ఇంతకంటే వేరు కాదు. ఆమెను కొత్త జాతిగా చూసేవాళ్ళు గుజ్జనగూళ్ళను మరిచిపోయారు.

ఈ రెండూ ఎందుకు కలిసి పెరిగాయన్నదానికి నాకు సరైన సమాధానంగా తోచేది సమయం గురించినది. మానవశాస్త్రవేత్త జూడిత్ బ్రౌన్ 1970లో ఒక చిన్న వ్యాసం రాసింది. ఒక సమాజంలో ఏ పని స్త్రీల మీద ప్రధానంగా ఆధారపడుతుందన్నది ఆ పని పిల్లల పెంపకంతో ఎంతవరకు పొసగుతుందన్నదాన్ని బట్టి ఉంటుందని ఆమె వాదన. మధ్యలో ఆపి మళ్ళీ తేలిగ్గా అందుకోగలిగేది, ఒకే కదలిక మళ్ళీ మళ్ళీ వచ్చేది, పక్కనున్న పసిపిల్లకు ప్రమాదం లేనిది, ఇంటికి దగ్గరలో జరిగేది అయితే అది పొసగుతుంది. ఎలిజబెత్ వేలండ్ బార్బర్ 1994లో ప్రాచీన కాలపు స్త్రీల నేతపని చరిత్ర రాస్తూ ఈ సూత్రాన్నే పునాదిగా తీసుకుంది. బ్రౌన్ పని గురించి చెప్పిన మాట ఆటకూ అంతే చక్కగా అతుకుతుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేసు వరస ఎక్కడికక్కడ వదిలి లేవవచ్చు, వచ్చి మళ్ళీ అదే కన్నంలో సూది పెట్టవచ్చు. అష్టాచెమ్మా కాయలూ లేచి వెళ్ళిన మనిషి కోసం ఉన్న గడిలోనే కూర్చుని ఉంటాయి. ఫోనులో అయిదు నిమిషాల్లో ఒక అంచె ముగిసే ఆటల్ని గేముల లోకం క్యాజువల్ అని పేరుపెట్టి వెనక వరసలో కూర్చోబెట్టింది. నిజమైన ఆటగాళ్ళు గంటలకు గంటలు కదలకుండా కూర్చునేవాళ్ళట. అలా కూర్చోగలగటం నైపుణ్యానికి గుర్తు కాదు, తనకు అన్నం వండిపెట్టే మనిషి వేరే ఉన్నదనటానికి గుర్తు. తునకలుగా దొరికే సమయంలో ఇమిడేలా ఆటను మలచటం చాలా పాత విద్య.

ఇదంతా పోలికల గారడీ అనేవాళ్ళు ఉంటారు. గళ్ళున్నంత మాత్రాన అన్నీ ఒకటైపోతాయా, ముగ్గు వేరు, మగ్గం వేరు, తెర మీది బొమ్మ వేరు కదా అంటారు. పోలికతో ఆగిపోతే ఆ మాట నిజమే. అయితే కంప్యూటర్ల చరిత్రలో ఇది పోలికగా మిగలలేదు. 1962లో ఎం.ఐ.టి. కుర్రాళ్ళు స్పేస్‌వార్ ఆటను నడిపించిన పీడీపీ-1 యంత్రంలో జ్ఞాపకశక్తి అంతా సన్నసన్నని అయస్కాంత ఉంగరాల్లో ఉండేది. ఆ ఉంగరాల గుండా తీగలను పడుగు పేకల్లా నిలువుకూ అడ్డానికీ దూర్చితే తయారయ్యేది కోర్ మెమరీ. ఆ రోజుల్లో ఆ దూర్పు పని ఎక్కువగా స్త్రీల చేతుల్లో ఉండేది. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌక కంప్యూటర్‌లో ఇది ఇంకా స్పష్టం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్థమ్‌లో రేథియాన్ కర్మాగారపు స్త్రీలు ప్రోగ్రామునే తీగతో అల్లారు. తీగ ఉంగరం లోపలి నుంచి వెళితే 1, పక్కనుంచి పోతే 0. ఒక్క తీగ దారి తప్పినా లెక్క తప్పుతుంది. వాళ్ళలో ఎందరో బట్టల మిల్లుల్లోనో గడియారాల తయారీలోనో చేయి తిరిగినవాళ్ళు. ఇక్కడ అల్లిక ఉపమానం కాదు, ప్రోగ్రాము ఉన్నదే అల్లికలో.

మన వైపు నుంచి చూస్తే, 1974లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ కలిసి, వాకిట్లో చుక్కలు పెట్టి గీసే తమిళ కోలాలకు వ్యాకరణం రాశారు. మన చుక్కల ముగ్గుకు అది తోబుట్టువు. బొమ్మలను గళ్ళుగా, నియమాలుగా కంప్యూటర్‌కు చెప్పే శాస్త్రంలో ఆ పరిశోధనకు చోటు దక్కింది. ఇంతకంటే ఇంటింటికీ చేరిన ఉదాహరణ సుసాన్ కేర్‌ది. 1984లో వచ్చిన మాకింటోష్ కంప్యూటర్ గుర్తులను 32 గళ్ళ వెడల్పు, 32 గళ్ళ ఎత్తు చట్రంలో ఆమె గీసింది. మొజాయిక్ పనితో, గళ్ళు లెక్కపెట్టి కుట్టే కుట్టుపనితో ఉన్న పరిచయం ఆ పనికి తోడ్పడిందని ఆమే చెప్పింది. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్ పేకముక్కలు గీసింది కూడా ఆమే. ఆ తర్వాత ఎన్ని ఆఫీసుల్లో, ఎందరు స్త్రీలు తొలిసారిగా తెర మీద ఆడిన ఆట అదో ఊహించుకోవచ్చు. వాళ్ళు మౌస్‌తో పక్కకు జరిపిన ప్రతి ముక్క వెనకా సూదిపని తెలిసిన కన్ను ఉంది.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని దాటవేయటం అన్యాయం. అల్లికను ఆటతో కలపటమంటే కూలిని వినోదంగా చూపించటమే కదా? మగ్గం ఇంట్లో కండెలు చుట్టే ఆడమనిషికి అది సరదా కాదు. నిజం. గోదావరి డెల్టాలోని నరసాపురం లేసు పరిశ్రమ మీద మరియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనం ఈ నిజాన్ని గట్టిగా నిరూపించింది. మిషనరీలు నేర్పిన అల్లిక విదేశాలకు ఎగుమతయ్యే సరుకుగా మారింది. వ్యాపారం మగవాళ్ళ చేతిలో, సూది ఆడవాళ్ళ చేతిలో ఉండిపోయాయి. రోజుకు గంటల తరబడి అల్లినా వాళ్ళను కార్మికులని ఎవరూ అనలేదు. ఇంటిపట్టున ఉండే గృహిణులు తీరిక వేళ చేసుకునే పని అన్నారు, ఆ ఒక్క మాటతో కూలి అట్టడుగున ఉండిపోయింది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని షిప్‌రాక్‌లో కూడా ఇదే మాట వేరే వేషంలో కనిపిస్తుంది. 1965 నుంచి 1975 వరకు అక్కడ ఫెయిర్‌చైల్డ్ సంస్థ నవహో స్త్రీలతో చిప్‌లు చేయించింది. తన ప్రచార పుస్తకంలో చిప్ పక్కన నవహో కంబళి నమూనా అచ్చువేసి, ఈ పని వాళ్ళకు నేతలాగా పుట్టుకతో వచ్చిందన్నట్టు చూపింది.

ఈ రెండు ఉదంతాలు నా వాదనను కూల్చవు, దానికి ఒక చేదు అంచు తొడుగుతాయి. స్త్రీ చేతిపనిని తీరిక అని పిలిచి కూలి ఎగ్గొట్టిన సమాజమే ఆమె అసలు తీరికను సోమరితనమని పిలిచింది. అల్లితే సమయం సద్వినియోగం, ఆడితే దండగ. చేతిలో సూది ఉంటే కూర్చున్నా తప్పులేదు, గవ్వలు ఉంటే పని లేదా అని అడుగుతారు. ఈ నాటికీ ఫోనులో ఆడుకుంటున్న తల్లికి అదే ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఆటను, అల్లికను ఒకే వాక్యంలో నిలబెట్టి చెప్పుకోవటం అవసరం. ఒకదాన్ని కూలిగా గుర్తించాలంటే రెండోదాన్ని హక్కుగా గుర్తించక తప్పదు.

ఇక గోడ సంగతి. వీడియో గేముల మొదటి కాలం మగవాళ్ళదే అన్నది తర్వాత అల్లుకున్న కథ. 1964లో మేబెల్ ఆడిస్ అనే బడిపంతులమ్మ ఐబీఎం కంప్యూటర్ మీద పిల్లలకు ప్రాచీన సుమేరు రాజ్యపాలన నేర్పే ఆట రాసింది. 1980లో తోరు ఇవతాని ప్యాక్‌మ్యాన్‌ను ఆడపిల్లలు కూడా ఆటశాలలకు రావాలన్న కోరికతోనే రూపొందించాడు. 1981లో సెంటిపీడ్ చేసిన ఇద్దరిలో ఒకరు డోనా బెయిలీ, 1982లో రివర్ రెయిడ్ చేసింది క్యారొల్ షా. 1983లో అమెరికాలో గేముల వ్యాపారం కుప్పకూలింది. 1985లో నింటెండో తన యంత్రాన్ని అక్కడ ఆటబొమ్మగా మళ్ళీ అమ్మటం మొదలుపెట్టింది. ఆటబొమ్మల దుకాణంలో మగపిల్లల అరలు వేరు, ఆడపిల్లల అరలు వేరు. గేములు మొదటి వైపుకు వెళ్ళాయి, 1989లో వచ్చిన చేతియంత్రం పేరే గేమ్ బాయ్.

ఆ గోడకు అటూ ఇటూ చేయి చాచిన ప్రయత్నాలు లేకపోలేదు. నింటెండోయే 1980ల చివర్లో తన గేము యంత్రానికి తగిలించే అల్లిక యంత్రం ఒకటి నమూనాగా చేసి దుకాణదారులకు చూపింది. అది బజారులోకి రాలేదు. కొన్నేళ్ళకు సింగర్ కంపెనీ ఐజెక్ అనే కుట్టుమిషను తెచ్చింది. దాని కుట్లను ఎంచుకోవాలంటే గేమ్ బాయ్‌ను తీగతో కలపాలి. ఈ రెండు వస్తువులను వింత సరుకుల జాబితాలో చేర్చి నవ్వుకోవటం పరిపాటి. పచ్చీసు గుడ్డ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే వింత వాటిలో లేదు, అవి నిలవలేకపోయిన బజారులో ఉంది. ఆడపిల్లలకు గేములంటే సహజంగానే ఆసక్తి లేదనేవాళ్ళకు గేముల రూపకర్త విల్ రైట్ అనుభవం చాలు. బొమ్మరిల్లు అని పేరుపెట్టి అతను మొదలుపెట్టిన ఆట మీద కంపెనీకి నమ్మకం కుదరలేదు. అదే 2000లో ద సిమ్స్‌గా వచ్చి, రెండేళ్ళు తిరిగేసరికి అప్పటిదాకా అత్యధికంగా అమ్ముడైన కంప్యూటర్ గేముగా నిలిచింది. ఆడినవాళ్ళలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

అల్లిక చివర ఒక వస్తువు మిగులుతుంది, గేము చివర ఏమీ మిగలదు, కనుక రెండూ సమానం కావనేవాళ్ళకు ఒక్క మాట. తెల్లవారుజామున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ళ కింద చెదిరిపోతుంది. బొమ్మల కొలువు పండుగ వెళ్ళగానే పెట్టెలోకి వెళుతుంది. వాటిని దండగ అని ఎవరూ అనరు. వస్తువు మిగిలితేనే విలువ అన్నది ఎగుమతి వ్యాపారి కొలబద్ద, నరసాపురంలో దాని ఫలితం చూశాం. డబ్బు గుంజటానికే మలిచిన ఫోను గేములు ఉన్నాయి, వాటి మీద కోపం న్యాయమే. ఆ కోపం ఆడుతున్న మనిషి మీదికి మళ్ళటమే అన్యాయం.

ఒక నష్టం మాత్రం నిజంగా జరిగింది. పచ్చీసు ఇంగ్లండులో 19వ శతాబ్దం చివర్లో లూడోగా పేటెంటు పొంది అట్టముక్క అయింది, 2016లో ముంబైలో లూడో కింగ్‌గా ఫోనులోకి వెళ్ళింది. 2020 లాక్‌డౌన్ నెలల్లో దేశమంతా ఆడింది దాన్నే. నాలుగు రెక్కలు అలాగే ఉన్నాయి, కుట్టు పోయింది. పటం చేసుకునే పని ఆడేవాళ్ళ చేతిలోంచి జారిపోయింది. అది మళ్ళీ చేతికి వస్తున్నది వేరే దారిలో. 1985 నాటి గేములోని చిన్న మారియో బొమ్మ 16 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ ఎత్తు చట్రంలో, మూడే రంగుల్లో ఉంటుంది. క్రాస్ స్టిచ్ కుట్టే స్త్రీకి అది వేరే నమూనా అవసరం లేని నమూనా: ఒక గడికి ఒక కుట్టు, టోపీకి ఎర్ర దారం, తెర మీద చూసి లెక్కపెట్టుకుంటూ గుడ్డ మీదికి.